కొత్త వెర్షన్ వేసుకునే ముందు వెనక్కి వచ్చే దారి చూసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 కొత్త వెర్షన్ సిద్ధంగా ఉందని కొన్ని రోజులుగా చూపిస్తోంది. బిల్లింగ్, అకౌంట్స్, మెయిల్ అన్నీ ఆ ఒక్క మెషీన్ మీదే. ఆలస్యం అమృతం విషం, వెంటనే వేసేయమని ఒక స్నేహితుడు, నిదానమే ప్రధానం, బాగా నడుస్తున్నదాన్ని కదపొద్దని ఇంకొకరు. ఇంట్లో మ్యాక్‌బుక్, ఐఫోన్ కూడా ఉన్నాయి కాబట్టి వాటి సంగతీ చెప్పమన్నారు.

ఇద్దరు స్నేహితులూ సరిగ్గానే చెప్పారు, కాకపోతే రెండు వేర్వేరు రకాల అప్‌డేట్ల గురించి. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లకు మొదటి సామెతే సరి. వాటిని రెండు మూడు రోజులు, మహా అయితే ఒక వారం ఆపండి, అంతకుమించి వద్దు. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. అది దూరిన లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ఇచ్చేసింది. రెండు నెలల టైమున్నా వేసుకోని చోటల్లా దెబ్బ తగిలింది. కాబట్టి "అప్‌డేట్లన్నీ ఆపేశాను, హాయిగా ఉంది" అనేవాళ్ళ మాట దయచేసి వినకండి.

వెర్షన్ మారే పెద్ద అప్‌డేట్ వేరే సంగతి. నేను చాలా ఏళ్ళుగా ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే పనిలో ఉన్నాను. ఏ కొత్త వెర్షన్ వచ్చినా అందులో ఏమేం ఫీచర్లు ఉన్నాయో చివర చూస్తాను. ముందు చూసేది ఒక్కటే: వేసుకున్నాక పని చెడితే వెనక్కి రాగలమా? ఎన్ని రోజుల్లోపు? ఏం పోగొట్టుకుని? దీనికి జవాబు తెలిస్తే ఎప్పుడు వేసుకోవాలి, ఎలా వేసుకోవాలి అన్నవి చాలావరకు తేలిపోతాయి.

మీ విండోస్‌నే తీసుకుందాం. పెద్ద అప్‌డేట్ పడ్డాక పాత సిస్టమ్ మొత్తం సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉండిపోతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, గో బ్యాక్ నొక్కితే పాత వెర్షన్ తిరిగొస్తుంది. మీ ఫైళ్ళు ఉంటాయి, అప్‌డేట్ తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు, మార్చిన సెట్టింగ్స్ మాత్రం పోతాయి. ఈ అవకాశం 10 రోజులే. ఆ తర్వాత ఆ ఫోల్డర్‌ని విండోస్ తనే తీసేస్తుంది. గడువు తీరకముందే అడ్మినిస్ట్రేటర్‌గా డిజ్మ్ (DISM) అనే కమాండ్ వాడి దీన్ని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. బిల్లింగ్ మెషీన్ కాబట్టి మీరు పెంచుకోవడమే మంచిది. ఇంకో మాట, డిస్క్ నిండిందని క్లీనప్ తెరిచి అన్నిటికీ టిక్ పెట్టేసే అలవాటుంటే, అందులో "పాత విండోస్ ఇన్‌స్టలేషన్లు" అన్నదాని జోలికి వెళ్ళకండి. వెనక్కి రావడానికి కావలసినవన్నీ అక్కడే ఉంటాయి.

ఐఫోన్‌లో దారి ఇంకా ఇరుకు. పాత ఐఓఎస్ వేయాలంటే ఆ వెర్షన్‌ని ఆపిల్ సర్వర్ ఇంకా ఆమోదిస్తూ ఉండాలి. కొత్తది వచ్చాక కొద్దికాలానికే ఆ ఆమోదం ఆపేస్తారు, ఇక వెనక్కి వెళ్ళే మార్గం లేదు. వెళ్ళగలిగినా కొత్త ఐఓఎస్‌లో తీసుకున్న బ్యాకప్ పాత ఐఓఎస్‌లో ఎక్కదు. అంటే అప్‌డేట్‌కి ముందు తీసిన బ్యాకప్ ఒకటి విడిగా ఉండాలి. కంప్యూటర్‌కి కనెక్ట్ చేసి తీసి, దాన్ని ఆర్కైవ్ చేసి పెట్టుకుంటే తర్వాతి బ్యాకప్ దాని మీద పడదు.

మ్యాక్‌లో వెనక్కి రావడమంటే డిస్క్ తుడిచి, పెన్‌డ్రైవ్ నుంచి పాత వెర్షన్ వేసి, టైమ్ మెషీన్ (మ్యాక్‌లోనే ఉండే బ్యాకప్ సాధనం)తో ముందు తీసిన బ్యాకప్ ఎక్కించడం. ఒక పూట పని. ఫొటోస్ లాంటి యాప్‌లు కొత్త వెర్షన్‌లో తమ డేటా రూపాన్ని మార్చుకుంటే, దాన్ని పాత వెర్షన్ తెరవలేకపోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా చాలావాటిలో వెనక్కి వెళ్ళాలంటే డేటా మొత్తం చెరిపేయాల్సిందే. ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌లో కొత్త రిలీజ్‌కి వెళ్ళాక పాతదానికి వచ్చే అధికారిక పద్ధతే లేదు. ముందే తీసుకున్న స్నాప్‌షాట్ (సిస్టమ్ మొత్తం ఆ క్షణంలో ఎలా ఉందో దాని నకలు) ఉంటేనే దిక్కు.

ఇప్పుడు ఎప్పుడు అన్న ప్రశ్న. వచ్చిన మొదటి రోజే పని మెషీన్‌లో వేసుకోవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం 2018 అక్టోబర్. ఆ నెల 2న విండోస్ 10 వెర్షన్ 1809 విడుదలైంది. నాలుగు రోజులకే, 6వ తేదీన, మైక్రోసాఫ్ట్ దాన్ని వెనక్కి తీసుకుంది. వేసుకున్న కొందరికి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో ఉన్నవన్నీ మాయమయ్యాయి. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌కో వన్‌డ్రైవ్‌కో మళ్ళించుకున్నవాళ్ళకి పాత చోట కూడా అదే పేరుతో ఫోల్డర్ మిగిలి ఉంటుంది. అది ఖాళీ డూప్లికేట్ అనుకుని అప్‌డేట్ దాన్ని తీసేసింది. కొందరికి అందులో నిజంగా ఫైళ్ళున్నాయి. సరిచేసి మళ్ళీ విడుదల చేసేసరికి నవంబర్ 13 వచ్చింది. ముందే పరీక్షించే ఇన్‌సైడర్లలో కొందరు ఈ సమస్యని రిపోర్ట్ చేశారు కూడా, కానీ వేల ఫిర్యాదుల్లో అది కొట్టుకుపోయింది. దెబ్బతిన్నవాళ్ళు మొత్తం మీద చాలా తక్కువమంది, నిజమే. ఆ తక్కువమందిలో మీరుంటే ఆ లెక్కతో మీకేం పని?

అందరికీ అలా ఫైళ్ళు పోవు. ఎక్కువగా జరిగేది ఫలానా భాగం ఉన్న కంప్యూటర్లలో మాత్రమే వచ్చే గొడవ. 2024 అక్టోబర్ 1న విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చినప్పుడు కొన్ని రకాల వెస్టర్న్ డిజిటల్ ఎస్‌ఎస్‌డీలు (ఫైళ్ళు దాచే చిప్ డిస్కులు) ఉన్న మెషీన్లు పదే పదే బ్లూ స్క్రీన్ చూపి ఆగిపోయాయి. ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్‌ని (ఆ డిస్క్‌ లోపలే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్‌ని) అప్‌డేట్ చేస్తే ఆ బాధ తీరింది. ఇలాంటివి మొదటి నాలుగైదు వారాల్లో బయటపడతాయి, ఆ తర్వాతి నెలవారీ అప్‌డేట్లలో సర్దుకుంటాయి. అందుకే పని చేసుకునే విండోస్ మెషీన్‌కి విడుదలైన తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటాను. మ్యాక్‌లో సున్నా వెర్షన్ వదిలేసి పాయింట్ వన్ లేదా పాయింట్ టూ దాకా ఆగండి. ఉబుంటు వాళ్ళయితే ఈ పద్ధతిని నియమంగానే పెట్టుకున్నారు. ఒక ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే రిలీజ్) నుంచి తర్వాతి ఎల్‌టీఎస్‌కి మారమనే సూచన మొదటి పాయింట్ రిలీజ్, అంటే అప్పటిదాకా దొరికిన లోపాలు సరిదిద్దిన విడుదల, వచ్చాకే కనిపిస్తుంది. 24.04 ఏప్రిల్‌లో వచ్చినా 22.04 వాడేవాళ్ళకి పిలుపు 24.04.1 వచ్చిన ఆగస్టు చివరి దాకా రాలేదు.

ఐఫోన్‌కి రెండు మూడు వారాలు చాలు. పాత వెర్షన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు కొంతకాలం వస్తాయి గానీ ఎంతకాలమో ఆపిల్ ముందుగా చెప్పదు. మరీ మొదటి రోజు మాత్రం వద్దు. చిన్న అప్‌డేట్‌లో కూడా తేడా కొట్టొచ్చు. 2014లో ఐఓఎస్ 8.0.1 వేసుకున్న ఐఫోన్ 6 లలో సిగ్నలే పోయింది, దాదాపు గంటలోనే దాన్ని ఆపేశారు. ఆ గంటలో ఆత్రపడినవాళ్ళే ఇరుక్కున్నారు.

మీ మెషీన్‌కి అప్‌డేట్ ఇంకా కనిపించడం లేదంటే దానికీ అర్థం ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ కొత్త వెర్షన్‌ని విడతలవారీగా వదులుతుంది. ఫలానా డ్రైవర్‌తో, ఫలానా హార్డ్‌వేర్‌తో గొడవ ఉందని తెలిస్తే ఆ కంప్యూటర్లకి ఇవ్వకుండా ఆపి ఉంచుతుంది. దీన్ని సేఫ్‌గార్డ్ హోల్డ్ అంటారు. అలాంటప్పుడు ఎక్కడో వీడియో చూసి ఐఎస్‌ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైల్) డౌన్‌లోడ్ చేసి బలవంతంగా వేస్తే ఆ రక్షణని దాటేసినట్టే. నాకు వచ్చే చిక్కు కేసుల్లో ఇవే ఎక్కువ. మీకు సెట్టింగ్స్‌లోనే చూపిస్తోంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

అలాగని ఎప్పటికీ ఆగడం కుదరదు. విండోస్ 11 హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కి 24 నెలలే సపోర్ట్. గడువు దగ్గరపడితే విండోస్ తనే కొత్త వెర్షన్ దించి, రీస్టార్ట్ అడుగుతుంది. అప్పుడు టైము దాని చేతిలో ఉంటుంది, మీ చేతిలో కాదు. పాజ్ బటన్ ఐదు వారాలకి మించి ఆపలేదు. విండోస్ 10 మీదే ఉన్నవాళ్ళకి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇళ్ళలో వాడేవాళ్ళు నమోదు చేసుకుంటే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చేది 2026 అక్టోబర్ 13 వరకే అని ప్రకటించారు. మ్యాక్‌లో తాజా వెర్షన్‌తో పాటు దాని ముందు రెండింటికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావడం ఆనవాయితీ. కానీ తెలిసిన లోపాలన్నీ పాత వెర్షన్లలో సరిచేయడం కుదరదని ఆపిలే రాసి పెట్టింది, కాబట్టి రెండు వెర్షన్లు వెనకబడి ఉండటాన్ని భద్రత అనుకోకండి.

అన్ని వెర్షన్లూ ఒకే బరువు కావన్నది కూడా గమనించండి. 23హెచ్2 నుంచి 24హెచ్2 కి వెళ్ళడం అంటే సిస్టమ్ మొత్తం మార్చడం. అదే 24హెచ్2 నుంచి 25హెచ్2 కి చిన్న ప్యాకేజీ, ఒక్క రీస్టార్ట్, ఎందుకంటే కొత్త భాగాలు నెలవారీ అప్‌డేట్లతో అప్పటికే వచ్చి నిద్రపోతుంటాయి. స్టార్ట్‌లో విన్‌వర్ (winver) అని టైప్ చేస్తే మీరు ఏ వెర్షన్‌లో ఉన్నారో తెలుస్తుంది. రెండో రకం అయితే ఇంత హడావుడి అక్కర్లేదు, బ్యాకప్ తీసుకుని ఒక సాయంత్రం వేసేయండి.

ఇక తయారీ. బ్యాకప్ గురించి అందరూ చెబుతారు, అందరూ తలూపుతారు. వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో ఫైళ్ళున్నాయి కదా అని చాలామంది ధీమా. అది సింక్. ఇక్కడ ఫైల్ చెరిగితే అక్కడా చెరుగుతుంది. రీసైకిల్ బిన్‌లో కొన్ని రోజులు దొరుకుతుందన్నది వేరే మాట. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఫైళ్ళన్నీ కాపీ చేయండి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాని సొంత బ్యాకప్ ఆప్షన్ ఉంటే అదీ తీయండి. డేటా ఫోల్డర్‌ని ఊరికే కాపీ చేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని తిరిగి తెరవవు. వీలైతే మొత్తం డిస్క్ ఇమేజ్ (విండోస్‌తో సహా డిస్క్ అంతటి నకలు) కూడా తీయండి. తర్వాత ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలించి రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను. అప్‌డేట్ మొదలుపెట్టేముందు ఆ హార్డ్‌డిస్క్ పీకేసి పక్కన పెట్టండి.

రెండోది, దీన్ని చాలామంది మర్చిపోతారు: బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ. ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి నీలం తెర మీద 48 అంకెల కీ అడుగుతుంది. అది మీ అకౌంట్ పేజీలో ఉంటుంది, కానీ ఆ పేజీ తెరవాల్సిన ల్యాప్‌టాప్ అప్పటికే ఆగిపోయి ఉంటుంది. పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో సేవ్ అయి ఉండి మీకు గుర్తులేకపోతే ముందు నుయ్యి వెనుక గొయ్యి. ఇప్పుడే ఆ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్ అప్‌డేట్ చేసేముందు బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా సస్పెండ్ చేయండి.

మూడోది మీ సాఫ్ట్‌వేర్లు. కొత్త వెర్షన్‌లో తప్పేమీ లేకపోయినా మీ ప్రోగ్రామ్ పనిచేయకపోవచ్చు. 2019 అక్టోబర్‌లో మ్యాక్ఓఎస్ కేటలీనా వచ్చినప్పుడు 32 బిట్ యాప్‌లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అది బగ్ కాదు, ఆపిల్ ముందే చెప్పి తీసుకున్న నిర్ణయం. తర్వాత ఎన్ని అప్‌డేట్లు వచ్చినా అవి తెరుచుకోలేదు. ఆగడం వల్ల తీరని సమస్యలు కూడా ఉంటాయని చెప్పడానికే ఇది చెప్పాను. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్) ఈ నాలుగింటి కంపెనీలు కొత్త వెర్షన్‌ని సపోర్ట్ చేస్తున్నామని రాశాయేమో చూడండి. రాయకపోతే ఫోన్ చేసి అడగండి. ఇరవై ఏళ్ళ నాటి స్కానర్ ఉంటే దాని డ్రైవర్ మీద ఆశ పెట్టుకోకండి.

డిస్క్‌లో చోటు 30 జీబీకి తగ్గకుండా ఉంచండి. ఇదేదో నామమాత్రపు జాగ్రత్త కాదు. 2021 మొదట్లో మ్యాక్ఓఎస్ బిగ్ సర్ ఇన్‌స్టాలర్ ఖాళీ చోటు సరిగ్గా చూడకుండానే పని మొదలుపెట్టేది. దానికి 35.5 జీబీ కావాలి, మధ్యలో చోటు చాలక ఆగిపోతే మ్యాక్ అటూ ఇటూ కాకుండా నిలబడిపోయేది. ఫైల్‌వాల్ట్ (మ్యాక్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఆన్ చేసినవాళ్ళకి డేటా బయటకి తీయడమే గగనమైంది. ఫిబ్రవరిలో 11.2.1 ఇన్‌స్టాలర్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది.

వేసే రోజు ఎలా ఎంచుకోవాలంటే, ఆ తర్వాతి రోజంతా మెషీన్ లేకపోయినా నడవాలి. నెలాఖరు, రిటర్నుల గడువు, పరీక్ష, ప్రయాణం దగ్గర్లో ఉంటే వద్దే వద్దు. ముందుగా పెండింగ్‌లో ఉన్న చిన్న అప్‌డేట్లన్నీ వేసి రీస్టార్ట్ చేయండి. ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన బయోస్, డ్రైవర్లు, ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్ తాజావి వేయండి. విడిగా కొన్న యాంటీవైరస్ ఉంటే తీసేయండి, తర్వాత మళ్ళీ వేసుకోవచ్చు. డాక్, పెన్‌డ్రైవ్‌లు, రెండో మానిటర్ పీకేయండి. ఛార్జర్ పెట్టి మొదలుపెట్టండి.

మధ్యలో పర్సెంటేజ్ ఒకచోట ఆగిపోయినట్టు కనిపిస్తుంది. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కేది ఇక్కడే. డిస్క్ లైటు మిణుకుతున్నా, ఫ్యాన్ తిరుగుతున్నా పని జరుగుతోందనే లెక్క. పాత హార్డ్‌డిస్క్ ఉన్న మెషీన్లలో గంటలు పట్టడం మామూలే. వదిలేసి పడుకోండి. ఏదైనా కుదరకపోతే విండోస్ చాలాసార్లు తనంతట తనే పాత వెర్షన్‌కి వచ్చేసి ఒక ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. అందులో 80070070 ఉంటే డిస్క్‌లో చోటు చాలలేదు. సీ1900101 ఉంటే ఎక్కువశాతం డ్రైవర్ గొడవ. కోడ్‌ని ఫొటో తీసి పెట్టుకోండి, లేకపోతే సాయం అడిగినప్పుడు "ఏదో ఎర్రర్ వచ్చిందండి" తప్ప చెప్పడానికేమీ ఉండదు.

వేశాక మొదటి రెండు మూడు రోజులు మెషీన్ నెమ్మదిగా ఉండటం, బ్యాటరీ త్వరగా తగ్గడం చూసి తీర్పు చెప్పకండి. వెనకాల ఫైళ్ళన్నిటికీ ఇండెక్స్ మళ్ళీ తయారవుతుంటుంది. ఫోన్లలో, మ్యాక్‌లలో కూడా అంతే. ఈ రోజుల్లో చేయాల్సిన అసలు పని వేరే ఉంది. 10 రోజుల గడువు ఎందుకు జారిపోతుందంటే, రోజూ వాడేవన్నీ బాగానే ఉంటాయి, నెలకోసారి వాడేది పాడై ఉంటుంది. అది తెలిసేసరికి పాత విండోస్ పోయి ఉంటుంది. అందుకని నెలాఖరులో చేసే పనుల్ని ముందుకి తెచ్చి ఉత్తుత్తిగా చేసి చూడండి. ఒక బిల్లు ప్రింట్ తీయండి, స్కాన్ చేయండి, టోకెన్ పెట్టి ఒక పత్రం మీద సంతకం చేసి చూడండి, వీపీఎన్ కలపండి, వీడియో కాల్‌లో మైక్ చూడండి, ల్యాప్‌టాప్ మూసి గంట తర్వాత తెరవండి. నిద్ర నుంచి లేవకపోవడం డ్రైవర్ గొడవల్లో చాలా సాధారణం.

అంతా తుడిచి కొత్తగా వేసుకోవాలా అని కూడా ఎవరైనా సలహా ఇస్తారు. మెషీన్ అప్పటికే చెత్తగా నడుస్తుంటే తప్ప అక్కర్లేదు. హార్డ్‌వేర్ అర్హత లేని కంప్యూటర్‌లో అడ్డదారిన విండోస్ 11 వేయడం పని మెషీన్‌కి నేను ఒప్పుకోను. అలాంటివాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. ల్యాప్‌టాప్ మీరు ఉద్యోగం చేసే కంపెనీదైతే అసలు మీరు ముట్టుకోకుండా వాళ్ళ ఐటీ వాళ్ళకి వదిలేయండి.

మీ సంగతికొస్తే, ముందు విన్‌వర్ చూసి ప్రస్తుత వెర్షన్ ఏదో, చూపిస్తున్న కొత్తది ఏదో ఇక్కడ రాయండి. కొత్తది వచ్చి రెండు నెలలు దాటి ఉంటే ఇంకా ఆగాల్సిన పనిలేదు. ఈ వారం బ్యాకప్, బిట్‌లాకర్ కీ, బిల్లింగ్ కంపెనీకి ఫోన్. వచ్చే నెల మొదటి వారంలో, లెక్కలు మూసేశాక, అప్‌డేట్. మ్యాక్‌బుక్‌ని దాంతోపాటే చేయకండి. బిల్లింగ్ ల్యాప్‌టాప్ కుదుటపడేదాకా ఇంట్లో పనిచేసే కంప్యూటర్ ఒకటి ఉండాలి, ఏదైనా అయితే రికవరీ పెన్‌డ్రైవ్ తయారు చేయడానికీ, జవాబులు వెతకడానికీ అదే అక్కరకొస్తుంది. ఐఫోన్‌ని కంప్యూటర్‌లోకి బ్యాకప్ తీసి ఎప్పుడైనా చేసుకోండి. ల్యాప్‌టాప్ మోడల్, ఎస్‌ఎస్‌డీ పేరు, ప్రింటర్ మోడల్ కూడా రాస్తే వాటితో తెలిసిన గొడవలేమైనా ఉన్నాయేమో చూసి చెబుతాను.